ప్రభుత్వ భూమిలో మెటల్ డిటెక్టర్: కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చట్టం ఒప్పుకునే చోటు వెతకడం ఎలా?

"మిషన్ కొన్నానన్నా, ఎక్కడ తిప్పాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా పద్ధతి మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందు ఒక విషయం. "ఇక్కడ డిటెక్టర్ వాడుకోవచ్చు" అని ప్రకటించిన ప్రభుత్వ స్థలాల జాబితా ఏదీ మన జిల్లాల్లో లేదు. ఈ హాబీకి విడిగా లైసెన్సు ఇచ్చే చట్టమూ లేదు. అందుకని మనం చేయాల్సింది వడపోత. కూడని స్థలాలన్నీ కొట్టేయాలి. మిగిలినవాటిలో ఒక సర్వే నంబరు ఎంచుకోవాలి. దాని మీద అధికారం ఎవరిదో తెలుసుకుని, వాళ్ల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఇంట్లోంచి మిషన్ బయటికి తీయాల్సింది ఆ తర్వాతే.

నేను మొదట్లో ఈ వరస తప్పాను. ప్రభుత్వ వంకే కదా అని ఒక్కణ్ణే తెల్లవారుజామున దిగాను. గంటలో ఊరంతా చుట్టూ చేరింది. నిధుల కోసం గుళ్లు తవ్వే ముఠా మనిషినని అనుకున్నారు. మధ్యాహ్నం దాకా స్టేషన్లో కూర్చున్నాను, మిషన్ రెండు రోజుల తర్వాత చేతికొచ్చింది. ఆ ఊరివాళ్ల తప్పేమీ లేదు. రాయలసీమలో గుప్తనిధుల పేరుతో నందుల్నీ ధ్వజస్తంభాలనీ పగలగొట్టినవాళ్లను చూసిన జనం వాళ్లు.

## 1. నాలుగు చట్టాలు, ఒక్కొక్కటి రెండు ముక్కల్లో

1878 నాటి నిధి చట్టం. నేలలో దాచి ఉన్న, విలువ ఉన్న ఏ వస్తువైనా దీని ప్రకారం 'నిధి'. ఎంత పాతదన్న లెక్క లేదు. విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

1958 నాటి పురాతన కట్టడాల చట్టం. రక్షిత ప్రాంతంలో లైసెన్సు లేకుండా తవ్వకూడదు. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. రక్షిత ప్రాంతం కాని చోట కూడా, పురావస్తువుల కోసం తవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా అనుమతి ఇవ్వాలంటే ముందు కేంద్రం ఒప్పుకోవాలి. అంటే "పాత నాణేలు వెతుక్కుంటాను సార్" అని అడిగితే తహసీల్దారు సరే అన్నా ఆ మాట చెల్లదు. పురావస్తువుల వేట మన హాబీలో భాగం కానే కాదని ఇక్కడే మనసులో ఖాయం చేసుకోండి.

1972 నాటి పురావస్తువుల చట్టం. నూరేళ్లు నిండిన నాణెం, విగ్రహం, లోహపు పనితనం ఉన్న వస్తువు పురావస్తువు కిందికి వస్తాయి. 1918 నాటి ఐదో జార్జి రూపాయి కూడా ఇప్పుడు అందులోదే. లైసెన్సు లేకుండా వీటి వ్యాపారం చేయకూడదు. మనలాంటివాళ్లు వీటిని దేశం అసలే దాటించకూడదు.

1957 నాటి గనుల చట్టం. జొన్నగిరి, రామగిరి పేర్లు విని బంగారు ముక్కల కోసం మిషన్ కొనేవాళ్లున్నారు. లైసెన్సు లేకుండా ఖనిజం కోసం అన్వేషించడమే నేరం. తుగ్గలి, మద్దికెర, వజ్రకరూరు వైపు తొలకరి వానలకు వజ్రాల కోసం జనం చేలల్లో తిరుగుతారు, నిజమే. కానీ వజ్రం లోహం కాదు, దాన్ని డిటెక్టర్ పట్టుకోదు. పొలాలు తొక్కించుకుని విసిగిపోయిన రైతుల దగ్గరికి మిషన్ పట్టుకుని పోవద్దు.

## 2. మొదటి వడపోత: పూర్తిగా కొట్టేయాల్సినవి

కాగితం తీసుకుని మీ మండలం పటం గీసుకోండి. కింద చెప్పినవన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయండి.

- రక్షిత కట్టడాలు, వాటి చుట్టుపక్కల. గండికోట, సిద్ధవటం, గుత్తి కోట, పెనుకొండ, లేపాక్షి, ఎర్రగుడి అశోకుని శాసనాల చోటు లాంటివి. చట్టం కట్టడం నుంచి 100 మీటర్లు నిషిద్ధమనీ, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రితమనీ చెప్పింది. ఆ ఆంక్షలు ముఖ్యంగా నిర్మాణాల గురించీ గనుల గురించీ. అయినా నేను వాటిని నాకూ హద్దుగా పెట్టుకుని, ఇంకా దూరంగా, కిలోమీటరు అవతలే ఉంటాను.
- బోర్డు లేని పాత చోట్లు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఊరివాళ్లు 'పాటిదిబ్బ', 'పాత ఊరు', 'పాడుబడ్డ కోట' అనే చోట్లు, పెంకులు చిందరవందరగా కనిపించే మిట్టలు, రాకాసి గుళ్లు (పెద్ద రాతిపలకల పాత సమాధులు), వీరగల్లులు (వీరుల స్మారక రాళ్లు), బూడిద మిట్టలు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కొత్తరాతి యుగం నాటి బూడిద దిబ్బలున్నాయి. చూడటానికి మామూలు మట్టి గుట్టల్లా ఉంటాయి. అక్కడ ఒక చిన్న గుంత తీసినా పొరలు కలిసిపోయి చరిత్ర చెదిరిపోతుంది, మళ్లీ సరిచేయలేం.
- గుడి, మసీదు, దర్గా, చర్చి స్థలాలు, మాన్యాలు, శ్మశానాలు. దేవాదాయ, వక్ఫ్ భూములు పైకి ఖాళీగా కనిపించినా ప్రభుత్వ బంజరు కావు.
- రిజర్వు అడవి, అభయారణ్యాలు. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం అంచులు, రోళ్లపాడు. కడప వైపు అడవుల్లో సంచీ, పార పట్టుకుని తిరిగే ప్రతి మనిషినీ ఎర్రచందనం కోణంలోనే చూస్తారు. 'హాబీ' అంటే అక్కడ ఎవరూ వినరు.
- రైల్వే స్థలాలు. గుంతకల్లు చుట్టూ పాత లైన్ల పక్కన ఖాళీ నేల చాలా ఉంది. అది రైల్వేది, అడుగుపెట్టడమే అతిక్రమణ.
- గనులు, క్వారీలు, సోలార్ పార్కులు, గాలిమరల గుట్టలు. ఎన్.పి. కుంట, ఓర్వకల్లు వైపు బీడులా కనిపించే నేల చాలావరకు కంపెనీల అధీనంలో ఉంది, కింద కేబుళ్లుంటాయి.
- చెరువు కట్టలు, కాలువ గట్లు, తూములు. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మన చెరువులు చాలావరకు అలా పాతవే. పైగా కట్టలో గుంత తీస్తే నీళ్లకు దారి ఇచ్చినట్టే.

## 3. రెండో వడపోత: పైకి ప్రభుత్వ భూమే, లోపల తగాదా

రెవెన్యూ రికార్డులో ప్రభుత్వ భూమి అని కనిపించేవన్నీ ఒకటి కావు.

డీకేటీ పట్టా భూములు. ప్రభుత్వం పేదలకు సాగుకు ఇచ్చినవి. సాగు చేసుకునే కుటుంబం ఉంటుంది. ఎమ్మార్వో లేఖ ఉన్నా ఆ కుటుంబం ఒప్పుకోకుండా అడుగుపెట్టడం తప్పు. నేనైతే వీటి జోలికి పోను.

చుక్కల భూములు. పాత రిజిస్టరులో యజమాని కాలమ్‌లో పేరు బదులు చుక్కలు పెట్టినవి. ఎవరిదన్నది తేలని తగాదాలు వీటిలో ఎక్కువ. వదిలేయండి.

ఇనాం భూములు, కోర్టులో ఉన్నవి. వదిలేయండి.

## 4. చివరికి ఏం మిగులుతుంది?

మిగిలేవి కొన్నే, కానీ హాబీకి అవి చాలు. నా అనుభవంలో అనుమతి వచ్చే అవకాశం ఉన్నవి ఇవి:

1. పంచాయతీ ఆటస్థలాలు, ఇటీవల చదును చేసిన మైదానాలు
2. వారపు సంత జరిగే స్థలాలు, తిరునాళ్లప్పుడు బండ్లు నిలిపే ఖాళీలు, గుడి మాన్యం కాకపోతేనే
3. ప్రభుత్వ స్కూలు, కాలేజీ మైదానాలు, సెలవు రోజుల్లో
4. మున్సిపల్ పార్కులు, మైదానాలు
5. వాడుకలో లేని కళ్లం పోరంబోకు, మేత పోరంబోకు

ఇక్కడ దొరికేది ఏమిటంటే ఆధునిక నాణేలు, తాళంచెవులు, గొలుసు ముక్కలు, బోలెడు సీసా మూతలు. ఎవరైనా పోగొట్టుకున్న ఉంగరం వెతికి తిరిగి ఇస్తే ఆ ఇంటివాళ్ల మొహం చూడాలి. ఈ హాబీలో నాకు అంతకు మించిన ఆనందం లేదు.

ఏటి పడకల గురించి చాలామంది అడుగుతారు. పెన్న, హంద్రీ, చిత్రావతి, కుందూ, తుంగభద్ర పడకలన్నీ ప్రభుత్వానివే. కానీ ఇసుక తవ్వకం మీద నిఘా ఎక్కువ. ఎగువన డ్యాం గేట్లు ఎత్తితే నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. పుష్కర ఘాట్ల దగ్గర జనం భక్తితో వేసిన నాణేలున్నాయి, వాటిని ఏరుకుని పొట్టపోసుకునే పేదవాళ్లున్నారు. కొత్తవాళ్లకు నేను ఏరు సిఫారసు చేయను.

## 5. సర్వే నంబరు పట్టుకోవడం

ఒక స్థలం అనుకున్నాక దాని పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. ఎక్కువ సమయం పట్టే పని ఇదే, తొందరపడకండి.

1. ఫోన్లో మ్యాప్ తెరిచి స్థలం నాలుగు మూలల లొకేషన్ గుర్తుపెట్టుకోండి.
2. మీభూమి వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని గ్రామ పటం, అడంగల్ చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత కర్నూలులోని మీ మండలం ఇప్పుడు నంద్యాలలో, పాత అనంతపురంలోది శ్రీ సత్యసాయిలో ఉండొచ్చు. లేఖ రాసేటప్పుడు ఇది చాలా ముఖ్యం.
3. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. రెండూ రాసుకోండి.
4. రిజిస్ట్రేషన్ శాఖ 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, ఆ నంబరు ఉందేమో చూడండి. అది ప్రభుత్వానిదా, దేవాదాయమా, వక్ఫా, అసైన్డా అన్నది అక్కడ తేలుతుంది.
5. సచివాలయానికి వెళ్లి వీఆర్వోను, గ్రామ సర్వేయరును కలవండి. డైగ్లాట్ రిజిస్టరులో, అంటే ఊరి భూముల పాత మూల రికార్డులో, ఆ నంబరు ఎదురుగా ఏం రాసుందో అడగండి. కంప్యూటర్ అడంగల్‌లో 'ప్రభుత్వ భూమి' అని మాత్రమే ఉన్నచోట, డైగ్లాట్‌లో 'వంక', 'శ్మశానం', 'కోట పోరంబోకు' అని స్పష్టంగా ఉంటుంది. 'కోట', 'గుడి', 'పాటి' అన్న మాటల్లో ఏది కనిపించినా ఆ స్థలం అక్కడితో మర్చిపోండి.
6. ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద మండల ఆఫీసులో అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

## 6. మిషన్ లేకుండా ఒకసారి పోయి రండి

ఖాళీ చేతులతో, పగటిపూట పోండి. ఊళ్లో పెద్దవయసు మనిషినో తలారినో కలిసి, "తాతా, ఈ జాగాలో ఇంతకుముందు ఏముండేది?" అని అడగండి. ఏ రికార్డులోనూ లేని సంగతి ఆ ఒక్క ప్రశ్నకు బయటపడుతుంది. ఒకసారి సంత మైదానం అనుకున్న జాగా ఒకప్పటి వల్లకాడని నాకు ఇలాగే తెలిసింది. రికార్డులో ఆ మాటే లేదు.

చూడాల్సినవి:

- అటవీ శాఖ హద్దురాళ్లు, పురావస్తు శాఖ బోర్డులు ఉన్నాయా?
- నేల మీద పాత మట్టి పెంకులు, ఇటుక ముక్కలు, చెక్కిన రాళ్లు ఉన్నాయా? ఉంటే వెనక్కి వచ్చేయండి.
- పైపులైను, కరెంటు కేబుల్ గుర్తులు ఉన్నాయా?
- ఎవరైనా ఆ నేలను వాడుకుంటున్నారా, గొర్రెలు తోలేవాళ్లతో సహా?

## 7. అనుమతి ఎవరిని అడగాలి?

- మేత పోరంబోకు, కళ్లం, సంత, ఆటస్థలం: గ్రామ పంచాయతీ. సర్పంచి నోటిమాట చాలదు, పంచాయతీ కార్యదర్శి సంతకం, ముద్ర ఉన్న కాగితం కావాలి.
- రెవెన్యూ పోరంబోకు, బంజరు: తహసీల్దారు.
- పార్కులు, పట్టణ మైదానాలు: మున్సిపల్ కమిషనర్.
- స్కూలు, కాలేజీ: హెడ్మాస్టరు లేదా ప్రిన్సిపాల్.

లేఖ ఒక్క పేజీ దాటకూడదు. నేను వాడే నమూనా ఇది:

"తహసీల్దారు గారికి. … గ్రామం సర్వే నం. … లోని … పోరంబోకులో, … తేదీ ఉదయం 7 నుంచి 10 గంటల వరకు, చేతితో పట్టుకునే మెటల్ డిటెక్టర్‌తో నేల పైభాగంలో ఉన్న ఆధునిక లోహ వస్తువులను వెతకడానికి అనుమతి కోరుతున్నాను. నిధి కోసం, పురావస్తువుల కోసం, ఖనిజాల కోసం వెతకను. నాలుగు వేళ్ల లోతుకు మించి తవ్వను, తీసిన ప్రతి గుంతను పూడుస్తాను. యంత్రాలు గానీ కూలీలు గానీ ఉండరు. నిధి లేదా పురావస్తువు అనిపించేది ఏది బయటపడినా అక్కడికక్కడే పని ఆపి మీకు, కలెక్టరు గారికి రాతపూర్వకంగా తెలియజేస్తాను. ఆధార్ నకలు, స్థలం పటం, మిషన్ బిల్లు నకలు జతచేశాను."

నాలుగు వేళ్ల లోతు అన్నది చట్టంలో లేదు, నేను పెట్టుకున్న కట్టుబాటు. ఆ మాట రాసిన తర్వాతే అధికారులు నా అర్జీ పూర్తిగా చదవడం మొదలుపెట్టారు. రాశాక మాత్రం దాన్ని తప్పకూడదు.

లేఖ నకలు ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు పంపి, ఆ సర్వే నంబరు మీద అభ్యంతరం ఉందేమో అడగండి. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ మళ్లీ ఇవ్వొచ్చు.

'కుదరదు' అంటే కుదరదు. అక్కడితో వదిలి ఇంకో స్థలం చూడండి. ఎక్కడా కుదరకపోతే మీ సొంత పట్టా భూమో, స్నేహితుడి భూమో ఉంది. యజమాని సంతకంతో కాగితం రాసుకోండి. పాత చోట్ల జాగ్రత్తలు, నిధి చట్టం అక్కడ కూడా వర్తిస్తాయని మరవకండి.

## 8. పోలీసులకు, ఊరికి ముందే చెప్పడం

ఒక రోజు ముందు ఆ పరిధిలోని స్టేషన్‌కు వెళ్లి అనుమతి లేఖ నకలు, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. ఉదయం స్థలానికి చేరగానే సచివాలయం దగ్గరో టీకొట్టు దగ్గరో ఆగి, ఏం చేయబోతున్నారో నలుగురికీ చెప్పండి. పిల్లలు వెంటపడతారు, మిషన్ చూపించండి. దాపరికం లేదని కనబడితే అనుమానం సగం అక్కడే పోతుంది.

రాత్రిపూట వద్దు. అమావాస్య రోజు అసలే వద్దు.

## 9. పని చేసే రోజు

సంచీలో ఉండాల్సినవి:

- అనుమతి లేఖ అసలు, రెండు నకళ్లు
- ఆధార్, మిషన్ బిల్లు
- చిన్న చేతిపార, మన్ను పోయడానికి గుడ్డ
- చెత్త లోహానికి విడిగా ఒక సంచీ
- నీళ్లు, టోపీ, చేతి తొడుగులు, మందపాటి బూట్లు

అనంతపురం ఎర్రనేలల్లో ఇనుము పాలు ఎక్కువ, మిషన్ ఊరికే అరుస్తుంది. మొదట గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఇనుముకు మిషన్ అరవకుండా చేసే అమరిక) సరిచేసి, సెన్సిటివిటీ తగ్గించుకోండి. కర్నూలు నల్లరేగడి తడిసినప్పుడు పోవద్దు, గుంత శుభ్రంగా పూడదు. తీసిన మన్ను గుడ్డ మీద పోసి, వస్తువు తీశాక అదే మన్ను వేసి పాదంతో అదమండి. వచ్చేముందు ఫొటోలు తీసి, అనుమతి ఇచ్చినవాళ్లకు పంపండి.

ఒక ప్రాణాపాయం గురించి గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో పాత నాటు బాంబులు ఇప్పటికీ నేలలోంచి బయటపడుతుంటాయి. అడవి అంచుల్లో పందుల కోసం పెట్టినవి కూడా ఉంటాయి. డబ్బా, బకెట్టు, సుతిలి తాడు చుట్టిన ఉండ కనబడితే ముట్టుకోవద్దు, కదపొద్దు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, జనాన్ని దూరంగా ఆపి, 112కు ఫోన్ చేయండి.

## 10. ఏదైనా దొరికితే

ఈ కాలపు ఉంగరం, గొలుసు, ఫోన్. పోగొట్టుకున్నవాళ్లదే, మీది కాదు. స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.

పాత నాణెం, విగ్రహం, కుండ, రాగిరేకు. తవ్వడం ఆపండి. ఉన్నది ఉన్నచోటే ఉంచి ఫొటో, లొకేషన్ తీసుకోండి. కడగొద్దు, రుద్దొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, పెడితే ఆ రాత్రికే పారలు దిగుతాయి. తహసీల్దారుకు, పోలీసులకు వెంటనే ఫోన్ చేసి, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. అందులో నాలుగు విషయాలు రాయాలి: దొరికింది ఏమిటి, ఎంత లేదా సుమారు విలువ ఎంత, ఏ చోట, ఏ తేదీన. ఆ తర్వాత వస్తువును దగ్గరి ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా కలెక్టరు అడిగినప్పుడు చూపిస్తానని పూచీ ఇవ్వాలి.

తర్వాత కలెక్టరు ప్రకటన ఇస్తారు. విచారణ తేదీ ఆ ప్రకటన నుంచి నాలుగు నెలల ముందు కాకుండా, ఆరు నెలలు దాటకుండా ఉంటుంది. సొంతదారు లేదని తేలి, భూమి యజమానితో వేరే ఒప్పందమేదీ లేకపోతే, చట్టం దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అంటుంది. ధర కట్టిచ్చి మొత్తం తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది. చెప్పకుండా దాస్తే ఆ వాటా కూడా పోతుంది, కేసు మిగులుతుంది.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

"వీఆర్వో సరేలే పొమ్మన్నాడు." నోటిమాట అనుమతి కాదు. కాగితం వచ్చేదాకా ఆగండి.

ఇన్‌వార్డ్ ముద్రను అనుమతి అనుకోవడం. ఆ ముద్రకు అర్జీ అందిందనే అర్థం. జవాబు రాకపోతే అనుమతి రానట్టే.

పక్క సర్వే నంబరులోకి జరిగిపోవడం. మిషన్ చూస్తూ నడిస్తే హద్దు దాటేస్తాం. మొదలుపెట్టకముందే నాలుగు మూలల్లో కర్రలు పాతి రంగు గుడ్డ కట్టండి. నాకు ఇది రెండుసార్లు జరిగాక అలవాటైంది.

ఒక లేఖతో ఏడాదంతా తిరగడం. లేఖలో రాసిన తేదీకే అది చెల్లుతుంది. మళ్లీ పోవాలంటే మళ్లీ అడగాలి.

పదిమందిని వెంటేసుకుని పోవడం. ఇద్దరు చాలు. గుంపు కనబడితే ఊరికి టెన్షన్, స్టేషన్‌కు ఫోన్.

సిగ్నల్ లోతుగా ఉందని ఇంకా తవ్వడం. నాలుగు వేళ్లు దాటితే ఆ సిగ్నల్ వదిలేయండి. లోతుగా ఉన్నది చాలావరకు పాతదే అయి ఉంటుంది, పాతది మనం తీయకూడనిది.

"యూట్యూబ్‌లో వాళ్లు కోటలో తిప్పుతున్నారు కదా?" వీడియో పెట్టినంత మాత్రాన అది చట్టబద్ధమైపోదు. అలాంటి వీడియో ఒక్కోసారి కేసుకు సాక్ష్యం అవుతుంది.

బయలుదేరే ముందు రోజు రాత్రి ఈ ఆరింటికీ 'అవును' అనగలిగితేనే పోండి:

- సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు రాసుకున్నాను
- 22-ఎ, డైగ్లాట్ రెండూ చూశాను
- ఊరి పెద్దలను అడిగాను, పాత చోటు కాదని తేలింది
- సంతకం, ముద్ర, తేదీ ఉన్న అనుమతి నా చేతిలో ఉంది
- స్టేషన్‌లో నకలు ఇచ్చాను
- కలెక్టరుకు రాయాల్సిన లేఖ ఖాళీ నమూనా సంచీలో పెట్టాను